మంచు వెనుక నిలిచిన మందిరము



మన క్రైస్తవ గృహాలలో చాలావరకు గోడకు ఒక వాక్య క్యాలెండరు వ్రేలాడుతూ ఉంటుంది. పైన కొండో, జలపాతమో, సూర్యోదయమో; దాని మీద ఒక వాక్యము; క్రింద తేదీలు. పాల లెక్క దాని మీదే వ్రాసుకుంటాము. గ్యాస్ బండ వచ్చిన తేదీకి సున్న చుడతాము. నెల కాగానే కాగితము తిప్పేస్తాము. ఆ కొండను మాత్రము నిలబడి చూచేవారు అరుదు. ప్రకృతి దృశ్యము, దేవుని మాట ఒకే కాగితము మీద ఉండడము మనకు అంత మామూలైపోయింది.

అయితే రెండు వందల సంవత్సరాలకు పైగా క్రిందట ఒక చిత్రకారుడు కొండను, సిలువను ఒకే చిత్రములో చేర్చి, దానిని బలిపీఠము మీద పెట్టదగిన చిత్రముగా చూపినందుకు జర్మనీలో పెద్ద వాదమే చెలరేగింది. ఆయన పేరు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిఖ్. 2024లో ఆయన 250వ జయంతి వచ్చింది. ఆ సందర్భముగా హాంబర్గ్, బెర్లిన్, డ్రెస్డెన్ నగరాలలోనూ, 2025లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియములోనూ ఆయన చిత్రాలను ప్రదర్శించారు. ఈ నెల మేము ఆయనను గూర్చి మీతో ముచ్చటించదలచాము. ఆయన గొప్ప చిత్రకారుడని చెప్పడము మా ముఖ్యోద్దేశము కాదు. దుఃఖములో ఉన్న కుటుంబాలకు, వారిని ఆదరించడానికి వెళ్ళే మనకు, ఆయన చిత్రాలలో నేర్చుకోదగిన సంగతి ఒకటి ఉన్నది.

కొవ్వొత్తులు చేసేవారి బిడ్డ

ఫ్రీడ్రిఖ్ 1774 సెప్టెంబరు 5న బాల్టిక్ సముద్ర తీరాన గ్రైఫ్స్వాల్డ్ అనే చిన్న పట్టణములో జన్మించారు. నేడు అది జర్మనీలో ఉన్నది గాని ఆ కాలములో స్వీడన్ ఏలుబడిలో ఉండేది. తండ్రి కొవ్వొత్తులు, సబ్బులు తయారు చేసి అమ్మేవారు. పదిమంది సంతానములో ఈయన ఆరవవాడు. మన గుంటూరు, రాజమండ్రి ప్రాంతాల వారికి సుపరిచితమైన లూథరన్ సంఘానికి చెందిన కుటుంబమే వారిది. ఇంటిలో భక్తి, క్రమశిక్షణ గట్టిగా ఉండేవి.

ఆ ఇంటిలోనికి మరణము పలుమార్లు వచ్చింది. 1781లో తల్లి చనిపోయింది. అప్పటికి ఈ పిల్లవానికి ఏడేళ్ళయినా నిండలేదు. మరుసటి యేడు ఒక సోదరి పోయింది. 1787లో తమ్ముడు క్రిస్టోఫర్ నీట మునిగి చనిపోయాడు. గడ్డకట్టిన నీటి మీద మంచు పగిలి ప్రమాదములో పడిన అన్నను కాపాడబోయి, తమ్ముడే మునిగిపోయాడని చెబుతారు. 1791లో మరొక సోదరిని టైఫస్ జ్వరము తీసుకుపోయింది. పద్దెనిమిదేళ్ళు నిండకముందే నలుగురిని సమాధికి పంపిన బిడ్డ ఆయన.

తమ్ముని ప్రాణానికి బదులుగా తాను బ్రతికాననే తలంపుతో ఒక పిల్లవాడు ఎలా పెరుగుతాడు? మన మధ్య కూడ అటువంటివారు ఉన్నారు. రోడ్డు ప్రమాదములో తానొక్కడే బయటపడినవాడు, కవల పిల్లలలో మిగిలిన ఒక్కడు, కాలువకు తోడు వెళ్ళి ఒంటరిగా తిరిగివచ్చిన స్నేహితుడు. వారిని చూచినప్పుడు మనము తొందరపడి ఏదో ఒకటి చెప్పేస్తాము. ఫ్రీడ్రిఖ్ ఆ ప్రశ్నను మాటలతో తీర్చుకోలేదు. జీవితాంతము మంచును, పొగమంచును, సముద్రాన్ని, వాటి ముందు నిలబడిన చిన్న మనిషిని చిత్రిస్తూ వచ్చారు.

ఒడ్డున ప్రసంగించిన కాపరి

1790లో ఆ పిల్లవాడు గ్రైఫ్స్వాల్డ్ విశ్వవిద్యాలయములో చిత్రలేఖనము నేర్పే క్విస్టార్ప్ అనే గురువు వద్ద చేరాడు. ఆ గురువు శిష్యులను గదిలోనే కూర్చోబెట్టక ఆరుబయటకు తీసుకువెళ్ళి గీయించేవాడు. ఆయన ద్వారా కోసెగార్టెన్ అనే దైవసేవకుని తలంపులు ఈ యువకునికి పరిచయమయ్యాయి.

కోసెగార్టెన్ రూగెన్ దీవిలో సంఘ కాపరి, కవి కూడ. అక్కడి జాలరులు హెర్రింగు చేపల కాలము వచ్చిందంటే ఒడ్డు విడిచి గుడికి రాలేరు. చేప వచ్చినప్పుడు వల వేయకపోతే ఏడాదంతా పస్తే. వేట మీద బ్రతికే మన కోస్తా కుటుంబాలకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు. అప్పుడు ఈ కాపరి ఏమి చేశారు? గుడికి రాలేదని వారిని గద్దించలేదు. తానే ఒడ్డుకు వెళ్ళి, సముద్రము ఎదుట, ఆకాశము క్రింద నిలబడి ప్రసంగించారు. దేవుడు తన్ను తాను బయలుపరచుకొనే మరొక గ్రంథమే ప్రకృతి అని ఆయన బోధించేవారు. ఈ మాట ఫ్రీడ్రిఖ్ మనస్సులో విత్తనములా పడింది.

ఇక్కడ తండ్రిని గూర్చి కూడ ఒక మాట చెప్పాలి. బొమ్మలు గీస్తే అన్నము పెడతాయా అని కొవ్వొత్తుల దుకాణములోనే కొడుకును కూర్చోబెట్టి ఉండవచ్చు. అలా జరగలేదు. 1794లో ఆ యువకుడు డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగన్‌లోని చిత్రకళా అకాడమీకి వెళ్ళాడు. 1798లో ఎల్బే నదీ తీరాన ఉన్న డ్రెస్డెన్ నగరము చేరి, చివరివరకు అక్కడే నివసించాడు.

ఖాళీ గదిలో పని

ఫ్రీడ్రిఖ్ పని చేసే విధానము గమనించదగినది. ఆయన నడకకు బయలుదేరి చెట్టును, బండను, మేఘాన్ని పెన్సిలుతో ఎంతో శ్రద్ధగా గీసుకొనేవారు. ప్రక్కన తేదీ వేసుకొనేవారు. తైలవర్ణ చిత్రాన్ని మాత్రము అక్కడికక్కడే వేసేవారు కాదు. ఇంటికి వచ్చి, కొన్నిసార్లు ఏళ్ళు గడిచిన తరువాత, ఆ చెట్టును ఒక చిత్రములోనికి, ఆ బండను మరొక చిత్రములోనికి తెచ్చుకొనేవారు. కంటికి కనబడినదే గాక లోపల కనబడినది కూడ వేయాలని, లోపల ఏమీ కనబడనివాడు ఎదుట ఉన్నదాన్ని సహా వేయకుండా ఊరుకోవడము మేలని ఆయన అభిప్రాయము.

ఆయన స్నేహితుడైన కెర్‌స్టింగ్ 1811లో ఆయన పనిగదిని చిత్రించారు. ఆ గదిలో ఒక చిత్రాల స్టాండు, కుర్చీ, గోడకు రంగుల పలకలు, గీతలు గీసే బద్దలు తప్ప చెప్పుకోదగిన సామాను లేదు. కిటికీ క్రింది సగము మూసి ఉన్నది. వెలుగు పైనుండి మాత్రమే వస్తున్నది. కొండలను, సముద్రాలను చిత్రించినవాడు బయట ఏమీ కనబడని గదిలో కూర్చున్నాడు. మన ప్రభువు ప్రార్థనకు గదిలోనికి వెళ్ళి తలుపు వేసుకొమ్మని చెప్పిన సంగతి మాకు ఇక్కడ జ్ఞాపకము వస్తుంది.

కొండ మీది సిలువ

1808 క్రిస్మస్ దినాలలో ఫ్రీడ్రిఖ్ తన గదిలోనే ఒక చిత్రాన్ని ప్రజలకు చూపించారు. కొండ శిఖరము, చుట్టూ పచ్చని ఫర్ చెట్లు, శిఖరాన ఒక సిలువ. సాయంకాలపు సూర్యుడు కొండ వెనుక దాగి ఉన్నాడు. సిలువ మీది ప్రభువు మన వైపు గాక ఆ సూర్యుని వైపు తిరిగి ఉన్నాడు. ఫ్రీడ్రిఖ్ స్వయముగా రూపకల్పన చేయగా క్యూన్ అనే శిల్పి చట్రము చెక్కారు. అందులో క్రింద గోధుమ కంకులు, ద్రాక్షతీగ, వాటి మధ్య సర్వమును చూచే దేవుని కన్ను. పైన ఖర్జూర మట్టలు, దేవదూతల ముఖాలు. గదిలో వెలుగు తగ్గించారు. చిత్రాన్ని ఉంచిన బల్ల మీద నల్లని గుడ్డ పరచారు. చూడవచ్చినవారు గుడిలో ఉన్నట్టు గొంతు తగ్గించి మాట్లాడారని ఆనాటి వారు వ్రాశారు.

అయితే 1809 జనవరిలో రామ్‌డోర్ అనే విమర్శకుడు ఒక పత్రికలో తీవ్రముగా ఖండించారు. చెట్లు పుట్టల చిత్రానికి గుడిలో ఏమి పని, అది బలిపీఠము మీదికి ఎగబ్రాకడము అహంకారము అని ఆయన వాదన. ఆయన భయములో ఒక న్యాయము లేకపోలేదు. ప్రకృతిని చూచి పరవశించడమే భక్తి అనుకొంటే, సృష్టికర్తను విడిచి సృష్టిని పూజించే ప్రమాదము ఉన్నది.

ఫ్రీడ్రిఖ్ స్నేహితులు ఆయన పక్షముగా వ్రాశారు. ఆయన కూడ తన చిత్రానికి అర్థము చెప్పారు. దాని సారాంశము ఇది: దేవుడు భూమి మీద ప్రత్యక్షముగా సంచరించిన పాత లోకము ఆ సూర్యునితో అస్తమించింది, ఇక మనము ఆ సూర్యుని నేరుగా చూడలేము. అయితే సిలువ మీది రక్షకుడు ఆ వెలుగును చూస్తున్నాడు, దానిని మన మీదికి ప్రతిఫలింపజేస్తున్నాడు. సిలువ నిలిచిన బండ మన విశ్వాసము. యేడాది పొడుగునా వాడని ఆ చెట్లు మన నిరీక్షణ.

సూర్యుడు మనకు కనబడడు. ఆయనకు కనబడుతున్నాడు. మనకు చేరే వెలుగు ఆయన మీదుగా వచ్చినదే. కొండను పూజించేవాడు ఇలా చిత్రించడు. ఇంతకూ ఆ చిత్రాన్ని కొన్న తూన్ ప్రభువుల దంపతులు బొహీమియాలోని టెట్షెన్ కోటలో దానిని బలిపీఠము మీద పెట్టలేదు. తమ శయనగదిలో పెట్టుకొన్నారు. నేడు అది డ్రెస్డెన్ మ్యూజియములో ఉన్నది.

చెరిపివేసిన ఓడలు

1810లో బెర్లిన్ అకాడమీ ప్రదర్శనలో ఫ్రీడ్రిఖ్ రెండు చిత్రాలు పెట్టారు. అందులో ఒకటి ‘సముద్రతీరాన సన్యాసి’. దాని వెడల్పు సుమారు 171 సెంటీమీటర్లు, ఎత్తు 110. అంత పెద్ద చిత్రములో ఏమున్నది? క్రింద సన్నని ఇసుక తీరము, దాని వెనుక నల్లని సముద్రపు చార, మిగిలినదంతా బూడిదరంగు ఆకాశము. తీరాన వేలెడంత మనిషి ఒక్కడు, మనకు వీపు త్రిప్పి నిలబడి ఉన్నాడు. సూర్యుడు లేడు, చంద్రుడు లేడు, తుఫాను సహా లేదు. చూడడానికి ఏమీ లేదని కొందరు విసుగుకొన్నారు.

మొదట ఫ్రీడ్రిఖ్ ఆ సముద్రము మీద ఓడలు గీశారు. తరువాత వాటిని కప్పివేశారు. రంగు పొరల క్రింద ఉన్న ఆ గీతలను శాస్త్రీయ పరీక్షలలో కనుగొన్నారు. ఓడ ఉన్నట్లయితే చూచేవాని కన్ను దాని మీద నిలిచేది. ఎవరో వస్తున్నారులే అని ధైర్యము కలిగేది. ఆ ఆధారాన్ని కూడ ఆయన తీసివేశారు. ఆ మనిషి దేవుని ఎదుట ఏ తోడూ లేకుండా నిలబడ్డాడు. అయినా వెనుదిరిగి వెళ్ళిపోలేదు.

ఈ రెండు చిత్రాలనూ ప్రష్యా రాజు కొన్నారు. కొనమని పట్టుబట్టినది పదిహేనేళ్ళ యువరాజు. పెద్దలకు ఏమీ కనబడని చోట ఒక పిల్లవానికి ఏదో కనబడింది.

మంచులో కఱ్ఱలు

మేము ముఖ్యముగా చెప్పదలచినది 1811లో వేసిన ఒక చిన్న జంట చిత్రాల గూర్చి. మొదటి దానిలో మంచు కప్పిన బయలు, నరికిన ఓక్ చెట్ల మోడులు. వాటి మధ్య కఱ్ఱ మీద ఆనుకొని ఒంటరి మనిషి. ఎటు చూచినా దారి లేదు. ఇది జర్మనీలోని ష్వెరిన్ నగరములో ఉన్నది.

రెండవ దానిలోనూ అదే మంచు. కాని ఇక్కడ కొన్ని పచ్చని ఫర్ చెట్లు, వాటి ముందు ఒక సిలువ ఉన్నాయి. ఒక మనిషి బండకు ఆనుకొని, చేతులు జోడించి సిలువ వైపు చూస్తూ ప్రార్థిస్తున్నాడు. ఆయన ఊతకఱ్ఱలు మంచులో పడి ఉన్నాయి. వెనుక దూరాన పొగమంచులో ఒక దేవాలయపు గోపురాలు లీలగా కనబడుతున్నాయి. మంచును చీల్చుకొని చిన్న గడ్డిపరకలు పైకి వస్తున్నాయి. ఈ చిత్రము ఒకటి జర్మనీలోని డార్ట్‌మండ్‌లోనూ, మరొకటి లండన్ నేషనల్ గ్యాలరీలోనూ ఉన్నాయి. లండన్ చిత్రము వెడల్పు 45 సెంటీమీటర్లు మాత్రమే. ఆ పొగమంచును ఆయన స్మాల్ట్ అనే నీలిరంగుతో, అనగా నీలి గాజును నూరిన పొడితో, సన్నని చుక్కలుగా అద్ది తెచ్చారు. ఎంత ఓర్పు కావలసినదో ఆలోచించండి.

ఈ చిత్రములో ఆ మనిషి లేచి గంతులు వేయడము లేదు. మంచు కరగలేదు. దేవాలయము దగ్గరకు రాలేదు; పొగమంచు కూడ తొలగలేదు. ఆయన ఇంకను చలిలోనే, నేల మీదనే ఉన్నాడు. అయినా కఱ్ఱలు విడిచిపెట్టి ప్రార్థిస్తున్నాడు. మొదటి చిత్రానికి, రెండవ చిత్రానికి వాతావరణములో తేడా లేదు. ఆ మనిషి ఎవరి ఎదుట ఉన్నాడన్నదే తేడా.

తమ్ముడు మునిగిన మంచును మరచిపోలేని వ్యక్తి వేసిన చిత్రమిది. మంచు అబద్ధమని ఆయన చెప్పలేదు. మంచులోనే సిలువ నాటబడి ఉన్నదని చూపించారు.

కూలిన ఆరోగ్యము, ఆగని చేయి

1818లో ఫ్రీడ్రిఖ్ కారొలీన్ బొమ్మర్ అనే యువతిని వివాహము చేసుకొన్నారు. దంపతులు రూగెన్ దీవికి వెళ్ళివచ్చారు. అక్కడి తెల్లని సుద్ద కొండలు ఒక ప్రసిద్ధ చిత్రమయ్యాయి. పొగమంచు సముద్రము ముందు శిఖరాన నిలబడిన యాత్రికుని చిత్రము కూడ సుమారు ఆ కాలానిదే. ఇద్దరు కుమార్తెలు, ఒక కుమారుడు కలిగారు.

కాని సుఖదినాలు ఎంతో కాలము నిలువలేదు. లోకపు అభిరుచి మారింది. 1824లో డ్రెస్డెన్ అకాడమీలో ప్రకృతి చిత్రణ ఆచార్యుని స్థానము ఆయనకు ఇవ్వలేదు. 1823–24లో ‘మంచు సముద్రము’ అనే చిత్రము వేశారు. మంచు పలకలు కొండలా పేరుకొని ఓడను నలిపివేస్తున్న ఆ చిత్రము ఆయన చనిపోయేంతవరకు అమ్ముడుపోలేదు. రానురాను మనస్సు కృంగింది. అనుమానము, చీకటి తలంపులు పెరిగాయి. విశ్వాసులకు ఇటువంటివి రావని మనము చెప్పుకొంటాము. వస్తాయి. దాచిపెట్టుకొన్నవారిలో మరింత ముదురుతాయి.

1835 జూన్ 26న ఆయనకు పక్షవాతము వచ్చింది. ఆ తరువాత తైలవర్ణ చిత్రాలు వేయడము దాదాపు సాధ్యము కాలేదు. అప్పుడు ఆయన యౌవనములో తాను మొదలుపెట్టిన సెపియా చిత్రాలకు, అనగా గోధుమరంగు సిరాతో కాగితము మీద వేసే చిన్న చిత్రాలకు తిరిగి వెళ్ళారు. పెద్ద పని చేయలేని చేయి చిన్న పని చేసింది. 1840 మే 7న డ్రెస్డెన్‌లో కన్నుమూశారు.

జబ్బుపడే ముందు కాలములో వేసిన ఒక చిత్రము లైప్‌జిగ్ మ్యూజియములో ఉన్నది. సాయంకాలము, సముద్రపు ఒడ్డు. ఐదుగురు మనుష్యులు: వీపు త్రిప్పి నిలబడిన ఒక వృద్ధుడు, ఒక నడివయస్కుడు, ఒక యువతి, ఆడుకొంటున్న ఇద్దరు పిల్లలు. ఎదుట సముద్రము మీద ఐదు ఓడలు, కొన్ని దరికి దగ్గరగా, కొన్ని దూరముగా. ఆ వృద్ధుడు ఫ్రీడ్రిఖే అని, మిగిలినవారు ఆయన కుటుంబమేనని చెబుతారు. ఒకప్పుడు సన్యాసి చిత్రములో ఓడలను చెరిపివేసిన చేయే ఇక్కడ ఒక్కొక్కరికి ఒక ఓడను ఇచ్చింది.

చనిపోయిన తరువాత లోకము ఆయనను మరచింది. 1906లో బెర్లిన్‌లో జరిగిన ఒక పెద్ద ప్రదర్శనలో 32 చిత్రాలు ఉంచినప్పుడు ఆయన మరల వెలుగులోనికి వచ్చారు. నాజీలు ఆయన పేరును తమ జాతిగర్వానికి వాడుకొన్నారు. ఆ మచ్చ తొలగడానికి మరి కొంత కాలము పట్టింది. నేడు హాంబర్గ్‌లో ‘మంచు సముద్రము’ ముందు జనులు ఆగి నిలబడి చూస్తారు.

మన ఇండ్లకు

ప్రియులారా, మరణము జరిగిన ఇంటికి మనము వెళ్తాము. తలుపు దాటక ముందే చెప్పవలసిన మాట సిద్ధము చేసుకొంటాము. ఏడవవద్దంటాము, దేవుని చిత్తమంటాము, అంతా మేలుకే అంటాము. మన మాటలలో సత్యము లేదని మేము అనడము లేదు. కాని చలిలో కూర్చున్నవానికి చలి లేదని చెబితే ఆ మాట ఆదరణ కాదు. దేవాలయము పొగమంచులో ఉన్నదని, ఇప్పుడు సరిగా కనబడదని ఒప్పుకొని, అయినా అది అక్కడ ఉన్నదని అతని ప్రక్కన కూర్చొని చెప్పాలి. లాజరు సమాధి వద్ద ప్రభువు అలాగే చేశారు. కొద్ది నిమిషాలలో అతణ్ణి లేపబోతున్నానని ఎరిగియుండి కూడ మొదట కన్నీరు విడిచారు.

తల్లిదండ్రులకు మరొక మాట. మీ బిడ్డ నోటుపుస్తకము చివరి పేజీలో చెట్టునో పక్షినో గీస్తూ కనబడితే వెంటనే గద్దించకండి. ఒక్క నిమిషము ఆగి ఏమి గీస్తున్నావని అడగండి. కొందరు పిల్లలు నోటితో చెప్పలేని దుఃఖాన్ని, ప్రార్థనను చేతితో చెబుతారు.

ఈ నెలలో ఒక సాయంకాలము కుటుంబమంతా కలిసి ఇంటికి దగ్గరగా ఉన్న చెరువు గట్టుకో, కాలువ ఒడ్డుకో, మేడ మీదికో వెళ్ళండి. పావుగంట ఏమీ మాట్లాడకుండా ఆకాశము వైపు చూడండి. దావీదు కీర్తనలు పాడినది అదే ఆకాశము క్రింద. ఆ తరువాత ఒక్కొక్కరు తమ మనస్సులో ఉన్న భారాన్ని ఒక్క మాటలో చెప్పండి. జవాబు చెప్పడానికి ఎవరూ తొందరపడవద్దు. చిన్న ప్రార్థన చేసుకొని ఇంటికి రండి.

పొగమంచులో నడుస్తున్న ప్రతి కుటుంబానికి ప్రభువు తన వెలుగు అనుగ్రహించును గాక.